ఇంట్లో పిల్లికి కావలసినవి పాత అట్టలు, తాళ్లు, చీరలతో చేసుకోవడం ఎలా?

కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే. సోఫా గీకకుండా ఏం చేయాలి? డబ్బు పెట్టి కొనకుండా ఇంట్లో ఉన్న పాత సామానుతోనే దానికి కావలసినవి చేయొచ్చా?

చేయొచ్చు. సోఫా సమస్య కూడా అందులోనే చాలావరకు తీరిపోతుంది. ముందుగా చూసుకోవాల్సిన వాటి నుంచి పాడైనవి పారేసేదాకా ఇక్కడ వరసగా రాస్తున్నాను. దయచేసి మొదటి రెండు భాగాలు దాటేసి నేరుగా కత్తెర పట్టుకోవద్దు. మీరు చేసిన వస్తువు చూడ్డానికి ఎలా ఉన్నా పిల్లికి పట్టింపు లేదు. అందులోంచి ఊడి కడుపులోకి పోయే దారం ముక్క ఒక్కటి ఉన్నా ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు.

1. చేతిపని కంటే ముందు అయిపోవాల్సినవి

టీకాలు లేని, తెరిచిన కిటికీ పక్కన పడుకునే పిల్లికి మీరు ఎంత మంచి పెట్టె చేసిపెట్టినా ప్రయోజనం లేదు. ముందు ఈ జాబితా పూర్తి చేయండి.

☐ పిల్లికూనను 8 వారాలు నిండకుండా తల్లి నుంచి వేరు చేయకూడదు.

☐ 6 నుంచి 8 వారాల వయసులో మొదటి ట్రైక్యాట్ టీకా (పిల్లులకు వచ్చే మూడు వైరస్ జబ్బులకు కలిపి వేసేది) వేయించాలి. ఆ తర్వాత 16 వారాలు వచ్చేదాకా 3, 4 వారాలకోసారి మళ్లీ వేయించాలి. 12 వారాలు నిండాక రేబిస్ టీకా. తర్వాతి బూస్టర్లు డాక్టరు రాసిచ్చిన తేదీల ప్రకారం.

☐ నులిపురుగుల మందు బరువు తూచి డాక్టరు చెప్పిన మోతాదులోనే వేయాలి. కుక్కకు తెచ్చింది ఉంది కదా అని సగం మాత్ర వేయకూడదు.

☐ 4 నుంచి 6 నెలల మధ్య పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆడపిల్లి 4 నెలలకే ఎదకు రావచ్చు, చూలు సుమారు 9 వారాలే. అంటే ఏడాది తిరగకముందే ఇంట్లో రెండో తరం మొదలవుతుంది.

☐ కిటికీలకు, బాల్కనీకి గట్టి జాలీ. దోమతెరను పిల్లి గోళ్లు చీల్చేస్తాయి.

☐ తిండిలో మాంసం. పిల్లికి టారిన్ అనే పోషకం తిండి నుంచే అందాలి, అది మాంసంలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి పెరుగన్నం, పాలన్నం మీద పెరిగిన పిల్లికి చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. కుక్కల తిండి కూడా దీనికి సరిపోదు.

"ఒక్క ఈత ఈననిచ్చి అప్పుడు ఆపరేషన్ చేయిద్దాం" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఆ ఒక్క ఈత వల్ల తల్లికి ఒరిగే ఆరోగ్యం ఏమీ లేదు. పుట్టిన నాలుగైదు కూనలకు ఇళ్లు వెతకలేక చివరికి చేపల మార్కెట్ దగ్గర వదిలేసేవాళ్లే ఎక్కువ. దయచేసి ఆగకండి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమైతే ప్రభుత్వ పశువైద్యశాలల్లో అడగండి. హైదరాబాదు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు ఆసుపత్రులు కూడా ఉన్నాయి.

ఇంట్లో ఉండే విషాలనూ ఈ దశలోనే తీసేయాలి. పారాసెటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీయగలదు. లిల్లీ పువ్వుల పుప్పొడి ఒంటిమీద పడి, పిల్లి దాన్ని నాక్కున్నా కిడ్నీలు పోతాయి. గన్నేరు, బీరువాలోని కలరా ఉండలు, ఫినాయిల్, కుక్కల మెడ మీద వేసే పెర్మెత్రిన్ మందు కూడా ఈ జాబితాలోవే. మనీ ప్లాంట్ నమిలితే నోరు మండి చొంగ కారుస్తుంది, దాన్ని అందనంత ఎత్తులో పెట్టండి.

2. ఏ పాత సామాను పనికొస్తుంది, ఏది పనికిరాదు

ఇల్లంతా తిరిగి దొరికినవన్నీ ఒకచోట పోసి, మూడు కుప్పలు చేయండి.

మొదటి కుప్ప, నేరుగా వాడుకోగలిగినవి: పార్శిల్ వచ్చిన అట్టపెట్టెలు, చెప్పుల డబ్బాలు, న్యూస్‌పేపర్లు, ప్లైవుడ్ ముక్కలు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపరాయి లేదా టైలు ముక్కలు. వీటన్నిటికంటే విలువైనది బట్టల షాపుల్లో తాన్లు చుట్టి వచ్చే అట్టగొట్టం. గుడ్డ అమ్ముడయ్యాక వాళ్లకు దానితో పనుండదు, అడిగితే ఇచ్చేస్తారు. ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపుల్లో కూడా దొరుకుతుంది, అది ఇంకా మందం.

రెండో కుప్ప, కడిగి ఎండబెట్టాక వాడుకునేవి: నూలు చీరలు, టీషర్టులు, దుప్పట్లు, కొబ్బరి తాడు, కొబ్బరిపీచు డోర్‌మ్యాట్లు, బియ్యం వచ్చిన గోనె సంచులు, మూత విరిగిన ప్లాస్టిక్ స్టోరేజీ డబ్బాలు. ట్రంకుపెట్టెలోంచి తీసిన చీరకు కలరా ఉండల వాసన ఉంటే ఒక ఉతుకు చాలదు. వాసన పూర్తిగా పోయేదాకా ఉతికి, రెండు మూడు రోజులు మంచి ఎండలో వేయండి. అప్పటికీ వాసన వస్తుంటే ఆ చీర వదిలేయండి.

మూడో కుప్ప, ఎంత కడిగినా వాడకూడనివి:

☐ ఎరువులు, పురుగుమందులు వచ్చిన సంచులు, డబ్బాలు
☐ థర్మకోల్, బబుల్ ర్యాప్, పార్శిళ్లలో వచ్చే సిలికా పొట్లాలు
☐ రబ్బరు బ్యాండ్లు, జడ రబ్బర్లు, ఊలు ఉండలు, కుట్టు దారం, గిఫ్టు రిబ్బన్లు
☐ సంక్రాంతి తర్వాత మేడ మీద మిగిలిన మాంజా
☐ జరీ అంచులు, చమ్కీలు, పూసలు, హుక్కులు, లంగా బొందులు
☐ పిడి ఉన్న క్యారీ బ్యాగులు. పిల్లి తల దూర్చితే పిడి మెడకు పడుతుంది, భయంతో పరిగెత్తేకొద్దీ బిగుస్తుంది.
☐ పచ్చిగుడ్లు వచ్చిన అట్ట ట్రేలు. వాటికి అంటుకున్న సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా కడిగితే పోదు, అట్ట మాత్రం నానిపోతుంది.

దారం గురించి ఇంకొంచెం చెప్పాలి. పిల్లి నాలుక మీద సన్నటి ముళ్లలాంటివి ఉంటాయి, అవన్నీ గొంతువైపు వంగి ఉంటాయి. ఒకసారి నోట్లోకి వెళ్లిన దారాన్ని అది ఉమ్మేయలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని రెండో కొస పేగులోకి వెళితే పేగు కుచ్చుకుపోయి తెగుతుంది. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే ఎప్పుడూ లాగకండి, కత్తిరించకండి. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఊలు ఉండతో ఆడే పిల్లి బొమ్మలు క్యాలెండర్లలో ముచ్చటగా ఉంటాయి కానీ ఇంట్లో ఆ పని వద్దు.

3. సామాను సిద్ధం చేయడం, మైదా జిగురు కాయడం

అట్టపెట్టె విప్పగానే ముందు టేపు, అడ్రసు లేబుల్, పిన్నులు తీసేయాలి. పిన్నులు లోపలి మడతల్లో దాక్కుంటాయి కాబట్టి కంటితో చూస్తే సరిపోదు, మడత పొడవునా వేలితో తడిమి చూడండి. నూనె, పచ్చడి మరకలు ఉన్నంతమేరా కోసేయండి, లేకపోతే చీమలు పడతాయి. పాత పెట్టెల అట్ట పొరల మధ్య బొద్దింకలు గుడ్లు పెడతాయి. మడతలు విప్పి ఒక రోజంతా ఎండలో పెడితే ఆ బెడద పోతుంది.

కావలసిన పనిముట్లు: మార్చుకోదగ్గ బ్లేడు ఉన్న కట్టర్, ఇనుప స్కేలు, పెద్ద కత్తెర, స్క్రూడ్రైవర్, గోనె సూది, గరుకు కాగితం.

జిగురుకు మైదా చాలు. ఒక కప్పు మైదాను ఒక కప్పు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. ఇంకో గిన్నెలో రెండు కప్పుల నీళ్లు మరుగుతుండగా ఈ పిండినీళ్లు సన్నగా పోస్తూ, గరిటె ఆపకుండా తిప్పండి. తెల్లదనం తగ్గి గాజులా మారి చిక్కబడ్డాక దించేయండి. ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులుంటుంది.

ఒక జాగ్రత్త. పోస్టర్లు అంటించేవాళ్లు, పుస్తకాలు బైండు చేసేవాళ్లు పురుగు పట్టకుండా ఈ జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. మీరు కలపొద్దు, బయట కాచింది అడిగి తెచ్చుకోవద్దు. గట్టి పట్టు కావలసిన చోట నీళ్లతో కలిసే తెల్ల ఫెవికాల్ వాడొచ్చు, కానీ పూర్తిగా ఆరి వాసన పోయేదాకా, కనీసం ఒక రోజు, పిల్లిని దగ్గరికి రానివ్వకండి.

4. స్క్రాచింగ్ పోస్ట్ (పిల్లి గీక్కునే స్తంభం): తొందరపడకుండా చేయాల్సింది ఇదే

గోళ్ల మీది పాత పొర ఊడగొట్టుకోవడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, పంజాల్లోని వాసన వదిలి "ఇది నా చోటు" అని చెప్పుకోవడానికి పిల్లి గీకుతుంది. కాబట్టి ఆ అలవాటు మాన్పించలేం, చోటు మాత్రమే మార్చగలం. సోఫాలో దానికి నచ్చేవి రెండు. నిలబడి ముందు కాళ్లు పూర్తిగా చాపినా అందేంత ఎత్తు, ఎంత లాగినా కదలకపోవడం. మీరు చేసే స్తంభంలో ఈ రెండూ ఉండాలి.

కావలసినవి:

☐ అట్టగొట్టం, 90 సెం.మీ. పొడవు, సుమారు 10 సెం.మీ. వ్యాసం
☐ కనీసం 45 సెం.మీ. పొడవు, వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక
☐ పలక అడుగున బిగించడానికి అదే కొలత నాపరాయి ముక్క
☐ గొట్టం లోపల బిగుతుగా పట్టే గుండ్రటి చెక్క దిమ్మ
☐ కొబ్బరి తాడు, స్క్రూలు, ఫెవికాల్

తాన్ల గొట్టాలు చాలావరకు సన్నగా, 5 సెం.మీ. అటూఇటూగా ఉంటాయి. అలాంటివి మూడు తెచ్చి త్రికోణంలా దగ్గరగా నిలిపి, మధ్య మధ్య జిగురు రాసి, గోనె పట్టీలు చుట్టి ఒకటిగా బిగించండి. ఒక్క లావు గొట్టం కంటే ఇది గట్టిగా ఉంటుంది. దీనికి మూడు చిన్న దిమ్మలు కావాలి.

తాడు ఎంత కావాలో ముందే లెక్క వేసుకోండి, సగంలో అయిపోతే అతుకు పడుతుంది. చుట్టే ఎత్తును తాడు మందంతో భాగిస్తే ఎన్ని చుట్లో వస్తుంది. గొట్టం వ్యాసానికి తాడు మందం కలిపి 3.14తో గుణిస్తే ఒక చుట్టు పొడవు. 80 సెం.మీ. ఎత్తుకు 8 మి.మీ. తాడైతే 100 చుట్లు, చుట్టుకు సుమారు 34 సెం.మీ., మొత్తం 34 మీటర్లు. అదే 12 మి.మీ. తాడైతే 24 మీటర్లలోపే సరిపోతుంది. దానికి రెండు మీటర్లు అదనంగా ఉంచుకోండి.

నైలాన్ తాడు వద్దు. నున్నగా ఉండి గోరు పట్టదు, పోగులు ఊడి నోట్లోకి పోతాయి. బట్టలు ఆరేసే ప్లాస్టిక్ తాడూ అంతే. కొబ్బరి తాడును నీళ్లలో నానబెట్టి దుమ్ము పోయేలా పిండి, ఎండలో ఆరబెట్టి, కొంచెం చెమ్మ ఉండగానే చుట్టడం మొదలుపెట్టండి. ఆరేకొద్దీ బిగుసుకుంటుంది.

చేసే వరస:

మొదట, చెక్క దిమ్మను పలక మధ్యలో పెట్టి కింది నుంచి మూడు స్క్రూలు బిగించండి. ఒక్క స్క్రూ అయితే స్తంభం గిర్రున తిరుగుతుంది.

రెండోది, గొట్టం లోపల జిగురు రాసి దిమ్మ మీదకి దించండి. పక్కల నుంచి నాలుగు స్క్రూలు గొట్టంలోంచి దిమ్మలోకి వెళ్లాలి. స్క్రూ తలలు అట్టలోకి దిగిపోవాలి, పైకి లేచి ఉండకూడదు.

మూడోది, పలక అడుగున నాపరాయి బిగించండి. రాయికి రంధ్రాలు వేయడం కుదరకపోతే పలక కింద పెట్టి, రెండింటినీ కలిపి గోనెగుడ్డతో గట్టిగా కుట్టేయండి. ఇప్పుడు స్తంభం పై కొసను ఒక చేత్తో బలంగా లాగి చూడండి. ఏ మాత్రం ఊగినా బరువు పెంచండి, లేదా గోడ మూలకు చేర్చి బిగించండి. ఒక్కసారి మీద పడితే పిల్లి మళ్లీ దాని ఛాయలకు రాదు.

నాలుగోది, తాడు కొసను గొట్టం అడుగున చిన్న రంధ్రంలోంచి లోపలికి దూర్చి ముడి వేయండి. పది పన్నెండు సెంటీమీటర్ల మేర జిగురు రాస్తూ, ఒక్కో చుట్టును కింది చుట్టుకు ఆనించి బొటనవేలితో నొక్కుతూ పైకి వెళ్లండి. చుట్ల మధ్య అట్ట కనబడకూడదు, అక్కడే గోరు ఇరుక్కుంటుంది. పై కొసను కూడా రంధ్రంలోంచి లోపలికి పంపి ముడి వేయండి. బయట మేకు కొట్టి వదిలేస్తే అది నెలలోనే లేచి పంజాకు గుచ్చుకుంటుంది.

అయిదోది, గొట్టం పై నోరు అట్టబిళ్లతో మూసి గోనెగుడ్డ కప్పండి. ఒక రోజు ఆరనివ్వండి.

ఎక్కడ పెట్టాలనేది చేయడమంత ముఖ్యం. హాల్లో ఎవరికీ కనబడని మూల దానికి అక్కర్లేదు. ఇప్పుడు గీకుతున్న సోఫా చేతికి ఆనుకుని, లేదా నిద్ర లేచే చోటికి రెండడుగుల్లో పెట్టండి. అలవాటయ్యాక రోజుకు కొంచెం చొప్పున జరుపుకోవచ్చు.

5. నేలమీద గీకే పిల్లికి అట్ట పలక

కొన్ని పిల్లులు నిలువు స్తంభం ముట్టవు, చాపలు, కార్పెట్లే గీకుతాయి. వాటికి ఇది.

అట్టలో రెండు పొరల మధ్య అలలు ఉంటాయి కదా, పట్టీలు ఆ అలలకు అడ్డంగా కోయాలి. కోసిన అంచుల్లో చిన్న చిన్న రంధ్రాలు వరసగా కనబడాలి. ఆ రంధ్రాలే పైకి రావాలి, గోరు దిగేది వాటిలోకే. చాలామంది అలల వెంబడి కోస్తారు, ఆ పలక నున్నగా ఉండి పిల్లి వాసన చూసి వెళ్లిపోతుంది.

ఒక్కో పట్టీ 6 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. పొడవు. 24 సెం.మీ. వెడల్పు పలక కావాలంటే, 3 మి.మీ. మందం ఉండే 3 ప్లై (మూడు పొరల) అట్టైతే 80 పట్టీలు, 6 మి.మీ. ఉండే 5 ప్లై అయితే 40. తక్కువ ఎత్తున్న ఒక అట్టపెట్టెలోనో, పాత చెక్క ట్రేలోనో నిలువుగా పేర్చి, ఇంకొక్కటి కూడా దూరనంత బిగుతుగా నింపండి. అంత బిగుతుగా ఉంటే జిగురే అక్కర్లేదు. ఒకవైపు అరిగాక పట్టీలు తిరగేసి మళ్లీ వాడుకోవచ్చు. జిగురు రాయాల్సి వస్తే ఎండలో లోపలిదాకా ఆరబెట్టండి. వర్షాకాలంలో సగం ఆరిన మైదాకు బూజు పడుతుంది.

సోమరిగా ఉంటే పాత కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ ఉతికి ఒక చెక్కకు బిగించినా సరిపోతుంది. చాలా పిల్లులకు అదే ఎక్కువ ఇష్టం.

6. దాక్కునే పెట్టె, అందులోకి బొంత

పిల్లి పిల్లల్ని పెట్టి ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలనే మాట ఊరికే రాలేదు. క్షేమం అనిపించని చోట అది ఉండదు. చుట్టాలొచ్చినా, దీపావళి టపాసులు పేలినా దూరిపోవడానికి దానికంటూ ఒక చోటుండాలి.

కనీసం 40 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టె తీసుకోండి. 16 సెం.మీ. గుండ్రటి ద్వారం ఒకవైపు, రెండోది ఇంకోవైపు. రెండు పిల్లులున్న ఇంట్లో ఈ రెండో ద్వారం తప్పనిసరి, లేకపోతే ఒకటి గుమ్మంలో కూర్చుని రెండోదాన్ని లోపల బంధిస్తుంది. అడుగున రెండు పొరల అట్ట అదనంగా వేయండి. నేలమీద కాకుండా కదలని బల్ల మీద పెడితే ఎక్కువ ఇష్టపడుతుంది.

బొంతకు నూలు చీర నాలుగు మడతలు వేసి, మధ్యలో పాత టీషర్టులు పరిచి, దట్టమైన కుట్లు వేయండి. దారం కొసలు లోపలికి పోవాలి. దూది, స్పాంజి ముక్కలు నింపొద్దు, చిరిగితే తినేస్తుంది. కుట్టాక ఒకసారి ఉతకండి, ఊడే దారాలన్నీ అప్పుడే బయటపడతాయి.

మే నెలలో ఈ పెట్టెలో ఏ పిల్లీ పడుకోదు, నాపరాయి నేల వెతుక్కుంటుంది. అప్పుడు బొంత తీసేసి, నీళ్ల కోసం వెడల్పాటి మట్టి మూకుడు పెట్టండి. నీళ్లు చల్లగా ఉంటాయి, మీసాలు అంచులకు తగలవు. తిండి గిన్నెకు దూరంగా పెడితే ఇంకా బాగా తాగుతుంది.

7. లిట్టర్ ట్రే, న్యూస్‌పేపర్ లిట్టర్

లిట్టర్ ట్రే అంటే పిల్లి మలమూత్రాలకు వెళ్లే తొట్టి, తడి పీల్చడానికి అందులో పోసేది లిట్టర్. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అన్ని ట్రేలు, పైన ఒకటి. ట్రే పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. 45 సెం.మీ. పిల్లికి సుమారు 68 సెం.మీ. అన్నమాట. షాపుల్లో దొరికే ట్రేలు చాలావరకు దీనికంటే చిన్నవే. అందుకే మూత విరిగిన పెద్ద స్టోరేజీ డబ్బా దీనికి చక్కగా పనికొస్తుంది.

ఒకవైపు గోడను నేల నుంచి 12 సెం.మీ. ఎత్తులో వదిలి, ఆ పైన 25 సెం.మీ. వెడల్పు కోసేయండి. కూనకైతే 6 సెం.మీ. ఎత్తు చాలు. కోసిన అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్ది, వేలు పోనిచ్చి చూడండి. మీ వేలికి గుచ్చుకునేది దాని పొట్టకూ గుచ్చుకుంటుంది.

న్యూస్‌పేపర్ లిట్టర్ ఇలా: పేపర్లను సన్నగా చింపి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి అరగంట నానబెట్టండి. సిరా దిగిన నీళ్లు వంపేసి, నురగ పోయేదాకా మళ్లీ కడగండి. పాత గుడ్డలో వేసి గట్టిగా పిండి, శనగగింజంత ముక్కలుగా నలిపి, దుప్పటి మీద పల్చగా పరిచి ఎండబెట్టండి. మన ఎండకు రెండు మూడు రోజుల్లో గలగలలాడుతుంది. నున్నటి మ్యాగజైన్ కాగితం నీళ్లు పీల్చదు, వాడొద్దు. వానల్లో ఈ పని పెట్టుకోవద్దు.

ట్రేలో 5 నుంచి 7 సెం.మీ. మందం పోయండి. ఇది కొన్న లిట్టర్‌లా గడ్డకట్టదు కాబట్టి తడిసింది రోజూ తీసేయాలి, వారానికి రెండుసార్లు మొత్తం మార్చాలి. అంత ఓపిక లేదనుకుంటే కొన్నదే వాడండి. మురికి ట్రే కంటే కొన్న లిట్టరే నయం. పాతదాన్నుంచి కొత్తదానికి ఒక్కసారిగా మారకుండా వారం పది రోజుల్లో కొంచెం కొంచెం కలుపుతూ మార్చండి.

మలం రోజూ తీయడానికి ఇంకో కారణం ఉంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకిన పిల్లి మలం 1 నుంచి 5 రోజుల తర్వాతే ఇతరులకు అంటించే స్థితికి వస్తుంది. రోజూ తీసేస్తే ఆ ముప్పు చాలా తగ్గుతుంది. గర్భిణులు ఈ పని ఇంకొకరికి అప్పగించాలి. అంతేగాని పిల్లిని ఇంట్లోంచి పంపేయాల్సిన పనిలేదు.

మగపిల్లి పదే పదే ట్రేలోకి వెళ్లి కూర్చుని చుక్క కూడా రాక అరుస్తుంటే మూత్రం వచ్చే దారి మూసుకుపోయిందని అర్థం. ట్రే తప్పు వెతుకుతూ కూర్చోవద్దు, గంటలు కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

8. ఆట వస్తువులు, వెతుక్కుని తినే పెట్టె

ఇవి పది నిమిషాల పని. అట్టగొట్టాన్ని 5 సెం.మీ. ముక్కలుగా కోసి, చెప్పుల డబ్బాలో నిలువుగా ఒకదానికొకటి అంటించండి. ఒక్కో గొట్టంలో పిల్లుల పొడి మేత గింజలు రెండు మూడు వేయండి. పంజాతో తోడుకుని తింటుంది, గబగబా మింగే పిల్లికి ఇది మంచి మందు. రోజూ పెట్టే తిండిలోంచే తీసి వేయండి, అదనంగా కాదు.

పాత సాక్సులో న్యూస్‌పేపర్ నలిపి కుక్కి, దాని గుడ్డతోనే ముడి వేస్తే కాళ్లతో తన్నుకుంటూ ఆడే బొమ్మ. కర్రకు గుడ్డపేలిక కట్టి ఆడించొచ్చు. ఉదయం, సాయంత్రం పది పదిహేను నిమిషాలు, ఆఖర్న పట్టుకోనిచ్చి, వెంటనే తిండి పెట్టండి. ఆట అవగానే ఆ కర్రను అల్మరాలో పెట్టి తలుపు వేయాలి, మీరు లేనప్పుడు అది బయట ఉండకూడదు.

9. ఇంట్లో చేయకూడనివి మూడు

క్యారియర్. అట్టపెట్టెలో పెట్టి ఆటోలో తీసుకెళితే బెదిరిన పిల్లి అయిదు నిమిషాల్లో చించుకుని బయటపడుతుంది, నడిరోడ్డు మీద అది దొరకదు. గట్టి ప్లాస్టిక్‌ది కొనండి.

మెడపట్టీ. తాడు, రిబ్బను, మువ్వల దండ ఏదీ కట్టొద్దు. లాగితే దానంతటదే ఊడిపోయే క్లిప్పు ఉన్న పట్టీ మాత్రమే.

బాల్కనీ జాలీ. అయిదో అంతస్తు నుంచి పడితే రెండో అవకాశం ఉంటుందనుకోవద్దు. పావురాల కోసం కట్టే నైలాన్ వలను కొన్ని పిల్లులు కొరికేస్తాయి. పని తెలిసినవాళ్లతో స్టీలు జాలీ వేయించండి.

10. చేసిపెట్టాక పిల్లి ముట్టకపోతే

*స్తంభం వైపు చూడదు:* పంజాలు పట్టుకుని స్తంభానికి రుద్దొద్దు, భయపడుతుంది. పక్కన కర్ర బొమ్మతో ఆడించండి, గోళ్లు తగిలితే తనకే తెలుస్తుంది. పెరట్లో కలుపులా మొలిచే కుప్పింటాకు మొక్క వేరు వాసనంటే చాలా పిల్లులు పిచ్చెక్కిపోతాయి. వేరు కడిగి తాడుకు రుద్ది, ఆ వేరును పారేయండి. తిననివ్వొద్దు.

*స్తంభమూ గీకుతుంది, సోఫా కూడా:* సోఫా ఆ మూలకు కొన్నాళ్లు దుప్పటి బిగుతుగా కప్పండి. కొట్టడం, నీళ్లు చల్లడం వద్దు. మీరు లేనప్పుడు గీకడం మాత్రమే నేర్చుకుంటుంది.

*పెట్టెలో పడుకోదు:* చోటు మార్చండి. తాను పడుకునే గుడ్డ ఒకటి లోపల వేయండి.

*మలమూత్రాలకు ట్రే బయట వెళుతోంది:* గత మూడు రోజుల్లో ఏం మారిందో చూడండి, కొత్త లిట్టరా, వాషింగ్ మెషీన్ పక్కకు జరిపారా? బయట పోసినచోట ఫినాయిల్ వేయకుండా ఎంజైమ్ క్లీనర్‌తో (మూత్రం వాసనను విరగ్గొట్టే ద్రవం) కడగండి, వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది. ఏదీ మారకపోతే మూత్రపరీక్ష చేయించండి.

*అట్ట కొరికి మింగుతోంది:* చించి ఉమ్మేస్తే ఫరవాలేదు. మింగుతుంటే ఆ వస్తువులు తీసేసి డాక్టరుకు చూపించండి. వాంతులై, ఒక రోజు తిండి మానేస్తే ఇక ఆగొద్దు.

11. వారం వారం తనిఖీ, పాడైనవి పారేయడం

ఆదివారం ఊడ్చేటప్పుడు ఇవి చూడండి.

☐ స్తంభం ఊగుతోందా, స్క్రూలు వదులయ్యాయా
☐ తాడు చుట్ల మధ్య ఖాళీ వచ్చిందా, వేలాడే పోగులున్నాయా
☐ బొంత కుట్లు ఊడాయా
☐ అట్టలో తడి, బూజు, చీమలు
☐ ట్రే అడుగున గోళ్ల గీతలు. లోతుగా పడ్డాక ఎంత కడిగినా వాసన పోదు, డబ్బా మార్చాల్సిందే.

తాడు తెగితే ముడి వేసి సరిపెట్టొద్దు, ఆ భాగం విప్పి కొత్తది చుట్టండి. కానీ చిరిగిపోయినట్టు కనబడే స్తంభాన్ని అందంగా లేదని పారేయకండి. దాని వాసనంతా అందులోనే ఉంది. కొత్తది చేసినా, పిల్లి దానికి అలవాటు పడేదాకా పాతది పక్కనే ఉండనివ్వండి.

మరకలు లేని పొడి అట్టను పాత పేపర్ల అబ్బాయికి వేయండి. తడిసింది అతనికి పనికిరాదు, టేపు లేకుండా చింపి మొక్కల కంపోస్టులో కలపొచ్చు. మలం, మూత్రం కలిసిన లిట్టర్ మాత్రం కంపోస్టులో వేయకూడదు, ముఖ్యంగా కూరగాయల మొక్కలకు. దాన్ని కవరులో కట్టి చెత్తబండికి ఇవ్వండి. టాయిలెట్లో పోస్తే కాగితం ఉబ్బి అపార్ట్‌మెంట్ పైపులు మూసుకుపోతాయి.